పాత జిప్సీకి కొత్త షాకబ్జర్లు

గతుకుల దారిలో బండి బరువును మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఊగిసలాటను అణచేది షాకబ్జర్. ఈ రెండూ వేర్వేరు పనులు. చక్రం రాయి మీదికి ఎక్కగానే స్ప్రింగు నొక్కుకుపోయి కొంత శక్తిని దాచుకుంటుంది, రాయి దాటగానే దాన్ని తిరిగి ఇచ్చేస్తుంది. అడ్డేమీ లేకపోతే బండి చాలాసేపు లేచి పడుతూనే ఉంటుంది. షాకబ్జర్ లోపలి పిస్టన్ నూనెను సన్నని రంధ్రాల గుండా బలవంతంగా తోస్తుంది. ఆ ఒరిపిడిలో కదలిక శక్తి వేడిగా మారి, గొట్టం గోడల నుంచి గాలిలో కలుస్తుంది. కుంగిపోయిన బండిని షాకబ్జర్లు పైకి లేపవు, అదనపు బరువునూ మోయవు. ఆ పనులు ఆశించి వాటిని మార్చినవాళ్లకు మిగిలేది ఖర్చే.

మారుతి జిప్సీని ఉదాహరణగా తీసుకుంటే విషయం బాగా విప్పిచెప్పవచ్చు. జపాన్ సుజుకి ఎస్‌జె 410 నమూనా ఆధారంగా 1985లో మన దేశంలో మొదలైన ఈ బండిలో ముందూ వెనకా గట్టి యాక్సిళ్లే, నాలుగు చక్రాలకూ కమాన్ కట్టలే, అంటే ఉక్కు పట్టీలు పేర్చి కట్టిన స్ప్రింగులే. మొదట 970 సీసీ పెట్రోలు ఇంజను, 1990ల మధ్య నుంచి 1.3 లీటర్ల ఇంజను. 1993లో చక్రాల మధ్య వెడల్పు పెంచారు. ఖాళీ బండి బరువు ఇంచుమించు ఒక టన్ను. సైన్యం, పోలీసులు, అటవీ శాఖలు, ర్యాలీ పోటీదారులు దశాబ్దాలపాటు వాడిన ఈ బండి సాధారణ కొనుగోలుదారులకు అమ్మకం 2019 నాటికి ఆగిపోయింది. ఇవాళ రోడ్డు మీద కనిపించే ప్రతి జిప్సీ పాత బండే. కమాన్ కట్టలున్న మహీంద్రా జీపులకు కూడా ఈ అధ్యాయంలోని సూత్రాలు వర్తిస్తాయి, కొలతలే మారతాయి.

పాత బండితో వచ్చే అసలు చిక్కు దాని చరిత్ర. విడిభాగాల జాబితాలో ఉన్న నంబరు, ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన రోజున ఆ బండి ఎలా ఉండేదో దానికి సరిపోతుంది. ఆ తరువాత ఎవరో కమాన్ కట్టలో ఒక పట్టీ అదనంగా వేసి ఉంటారు. ఇంకెవరో కమాన్ కట్టను ఛాసిస్‌కు కలిపే షాకిళ్లను పొడవువి బిగించి రెండు అంగుళాలు ఎత్తు పెంచి ఉంటారు. ముందు ఇనుప బంపరు, వించ్ చేరి ఉంటాయి, లేదా ఇరవై ఏళ్ల బరువుకు పట్టీల వంపే సగం పోయి ఉంటుంది. వేలంలో కొన్న సైన్యం బండి అయితే దాని మీద ఏయే మరమ్మతులు జరిగాయో కాగితం కూడా దొరకకపోవచ్చు. కాబట్టి షాకబ్జర్ ఎంపిక బండి నమూనా పేరుతో కాక, ఎదురుగా నిలబడి ఉన్న ఆ ఒక్క బండి కొలతలతో మొదలు కావాలి. కంపెనీ పేరు చిట్టచివర తేల్చుకోవలసిన విషయం.

కమాన్ కట్టకు కాయిల్ స్ప్రింగులో లేని గుణం ఒకటుంది. దాని పట్టీలు ఒకదానిపై ఒకటి జారుతూ ఒరుసుకుంటాయి, ఆ ఒరిపిడే కొంత ఊపును చంపుతుంది. తొలినాటి మోటారు వాహనాలు చాలావరకు దీని మీదే ఆధారపడ్డాయి. ఫ్రాన్సులో ట్రుఫో అనే ఇంజనీరు రూపొందించిన ఒరిపిడి పరికరాన్ని 1904 ప్రాంతంలో హార్ట్‌ఫర్డ్ అనే అతను అమెరికాలో అమ్మకానికి తెచ్చాడు. తోలు, లోహపు బిళ్లలను బోల్టుతో బిగించి, వాటి ఒరిపిడితో ఊపును ఆపే ఏర్పాటు అది. ఆ పద్ధతిలో ఒక లోపముంది. పొడి ఒరిపిడి వేగాన్ని బట్టి పెరగదు. చిన్న గతుకుకు స్ప్రింగును కదలనివ్వకుండా పట్టేస్తుంది, పెద్ద గుంట దగ్గర చాలదు. నూనె ఇందుకు భిన్నం. పిస్టన్ మెల్లగా కదిలితే నూనె దాదాపు అడ్డుపెట్టదు, వేగంగా కదిలితే గట్టిగా నిలుస్తుంది. ఈ శతాబ్దపు కారులో కూడా నూనె షాకబ్జరే కొనసాగుతున్నదంటే కారణం ఇదే.

జిప్సీలో రెండు రకాల ఒరిపిళ్లూ కలిసి పనిచేస్తాయి. తుప్పు పట్టిన కమాన్ కట్ట చిన్న గతుకులకు కదలదు, దాంతో ప్రయాణం రాళ్ల బండిలా కుదిపేస్తుంది. నింద మాత్రం షాకబ్జర్ల మీద పడుతుంది. వాటిని మార్చినా ఆ కుదుపు తగ్గదు. పట్టీలను విడదీసి, తుప్పు గీకి, చివర్లలో ప్లాస్టిక్ బిళ్లలు అమర్చి తిరిగి కట్టిన తరువాతే బండి నిజ స్వభావం తెలుస్తుంది. అప్పుడు ఒరిపిడి తగ్గి షాకబ్జర్ మీద భారం పెరుగుతుంది గనుక ఎంపిక ఆ తరువాతే చేయాలి. క్రమం తిరగబడితే రెండుసార్లు కొనవలసి వస్తుంది.

ఎంత నిరోధం కావాలన్నది భౌతికశాస్త్రం చెప్పగల విషయం. స్ప్రింగు మీద నిలిచిన బరువును ఒకసారి నొక్కి వదిలితే, ఏమాత్రం ఊగకుండా వీలైనంత త్వరగా తన చోటికి చేరడానికి అవసరమైన నిరోధాన్ని సందిగ్ధ అవరోధం అంటారు. దాని విలువ, స్ప్రింగు బల స్థిరాంకాన్ని అది మోసే ద్రవ్యరాశితో గుణించి, వర్గమూలం తీసి, రెట్టింపు చేస్తే వస్తుంది. ప్రయాణికుల వాహనాల్లో ఇందులో 20 నుంచి 40 శాతం వరకే ఉంచుతారు. పూర్తి విలువ పెడితే ఊగిసలాట ఉండదు గాని ప్రతి గతుకూ నేరుగా కూర్చున్నవారి వెన్నుకు చేరుతుంది.

ఉదాహరణకు ఒక్కో చక్రం మీద స్ప్రింగు మోసే భాగం 200 కిలోలనీ, ఆ మూల సెకనుకు 1.8 సార్లు ఊగుతుందనీ అనుకుందాం. లెక్కగడితే స్ప్రింగును ఒక మిల్లీమీటరు నొక్కడానికి దాదాపు 26 న్యూటన్ల బలం కావాలి. సందిగ్ధ అవరోధం సెకనుకు మీటరు వేగం వద్ద దాదాపు 4,520 న్యూటన్లు. అందులో 30 శాతం 1,360. పిస్టన్ సెకనుకు 0.3 మీటర్ల వేగంతో కదిలినప్పుడు సుమారు 400 న్యూటన్లు, అంటే 40 కిలోల బరువుకు సమానమైన అడ్డు. ఒక తేలికపాటి బండికి కావలసింది ఇంతే. ఇప్పుడు అదే మూల మీద సామాను, మనుషులు కలిసి 300 కిలోలైతే పాత షాకబ్జర్ ఇచ్చే 30 శాతం కాస్తా 24కు పడిపోతుంది. దానికి తోడు అదనపు పట్టీ వేసి స్ప్రింగును 40 శాతం గట్టిచేస్తే 21కి దిగుతుంది. గట్టి కమాన్లు వేసుకున్న బండి గాల్లో తేలుతున్నట్టు ఊగడానికి కారణం షాకబ్జర్ పాడవడం కాదు, స్ప్రింగు దాన్ని దాటిపోవడం.

దీనికి వ్యతిరేకమైన పొరపాటే ఎక్కువగా జరుగుతుంది. రెండు టన్నుల ఎస్‌యూవీ కోసం తయారైన షాకబ్జర్‌ను, పొడవు కుదిరింది కదా అని, ఒక టన్ను జిప్సీకి బిగిస్తారు. చేత్తో లాగితే గట్టిగా ఉంటుంది గనుక మంచి సరుకనిపిస్తుంది. దారిలో మాత్రం చక్రం గుంటలోకి దిగవలసిన వేళకు దిగలేదు. స్ప్రింగు సాగేలోపే తరువాతి గతుకు వచ్చి దాన్ని మళ్లీ నొక్కుతుంది. వరుస గతుకుల మీద బండి కొంచెం కొంచెంగా కిందికి కుంగుతూ, చివరికి యాక్సిల్ ఛాసిస్‌ను తాకకుండా ఆపే రబ్బరు స్టాపరు మీద నడుస్తుంది. టైరుకు నేలపై పట్టు తగ్గుతుంది, బ్రేకు వేసినా జారుతుంది. గట్టిదే మేలన్న నమ్మకం తేలికైన బండి విషయంలో ప్రమాదకరమైనది.

పైకీ కిందికీ అడ్డు ఒకేలా ఉండదు. చక్రం పైకి నెట్టబడేటప్పుడు తక్కువగా, స్ప్రింగు సాగుతూ శక్తిని తిరిగి ఇచ్చేటప్పుడు ఎక్కువగా ఉండేలా వాల్వులను కూరుస్తారు. సాధారణంగా రెండో దిశలో అడ్డు మొదటిదానికి రెండు మూడు రెట్లు. పై ఉదాహరణలో సగటు 400 న్యూటన్లను ఒకటికి మూడు నిష్పత్తిలో పంచితే నొక్కేటప్పుడు 200, సాగేటప్పుడు 600. పిస్టన్‌లో ఎప్పుడూ తెరిచి ఉండే చిన్న రంధ్రం నెమ్మది కదలికలను, అంటే మలుపులో ఒరగడం, బ్రేకు వేస్తే ముందుకు వంగడం వంటివాటిని అదుపు చేస్తుంది. పలుచని ఉక్కు బిళ్లలు వేగపు తాకిడికి వంగి దారి ఇస్తాయి. ఆ బిళ్లల మందమే ఒక షాకబ్జర్ స్వభావం. బయటి గొట్టం లావు, రంగు దాని గురించి ఏమీ చెప్పవు.

వేడి సంగతి కొండదారిలో కంటే మెటల్ రోడ్డు మీద ముఖ్యమవుతుంది. అలాంటి కంకర, ఎర్రమట్టి దారుల మీద చక్రాల తాకిడికి అలల్లాంటి గీతలు ఏర్పడతాయి. రెండు గీతల మధ్య 75 సెంటీమీటర్ల దూరముంటే, గంటకు 40 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు సుమారు 15 సార్లు ఎగిరిపడుతుంది. బరువైన యాక్సిల్ తనంతట తాను ఎగిరే సహజ పౌనఃపున్యం దీనికి దరిదాపుల్లోనే ఉంటుంది. షాకబ్జర్ క్షణం తీరిక లేకుండా పనిచేసేది ఇక్కడే. వేడి పిస్టన్ వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పై లెక్క ప్రకారం సగటు వేగం సెకనుకు 0.3 మీటర్లయితే ఒక్కో షాకబ్జర్‌లో 120 వాట్లు, 0.6 అయితే 490 వాట్లు. నాలుగూ కలిపితే దాదాపు రెండు కిలోవాట్లు. నూనె వేడెక్కి పలచబడితే అడ్డు తగ్గుతుంది. అదే సమయంలో పిస్టన్ వెనక ఒత్తిడి పడిపోయి బుడగలు పుడతాయి. కవ్వం కింద మజ్జిగలా నూనె నురగ కడుతుంది. నురగను తోయడానికి బలమే అక్కరలేదు, కాబట్టి షాకబ్జర్ ఉన్నా లేనట్టే అవుతుంది. చల్లారాక మళ్లీ బాగానే కనిపిస్తుంది. డ్రైవరు చెప్పిన లోపం వర్క్‌షాపులో దొరకకపోవడానికి ఇదొక కారణం.

ఈ బుడగల సమస్యకు రెండు రకాల పరిష్కారాలున్నాయి. జంట గొట్టాల షాకబ్జర్‌లో పిస్టన్ లోపలి గొట్టంలో కదులుతుంది, బయటి గొట్టం అదనపు నూనెకు నిలువ. అడుగు వాల్వు రెంటినీ కలుపుతుంది. నిలువ గొట్టం పైభాగంలో మామూలు గాలి ఉంటే అది నూనె షాకబ్జర్, తక్కువ ఒత్తిడిలో నత్రజని నింపితే గ్యాస్ షాకబ్జర్. నత్రజని ఒత్తిడి బుడగలను కొంత అణచిపెడుతుంది. ఒంటి గొట్టపు రకంలో నిలువ గొట్టం లేదు. తేలే పిస్టన్ ఒకటి నూనెనూ, ఒత్తిడిలో ఉన్న నత్రజనినీ వేరుచేస్తుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త బుర్సియే ద కార్బోన్ 1950ల తొలినాళ్లలో దీన్ని తీర్చిదిద్దాడు. జర్మనీకి చెందిన బిల్‌స్టైన్ సంస్థ తయారీకి తెచ్చాక 1957లో మెర్సిడెస్ కార్లలో వాడకం మొదలైంది. నూనె ఉన్న గొట్టమే నేరుగా గాలికి తగులుతుంది గనుక వేడి త్వరగా పోతుంది. తలకిందులుగానూ బిగించవచ్చు. అయితే రాయి తగిలి బయటి గొట్టానికి సొట్ట పడితే పిస్టన్ అక్కడే బిగుసుకుపోతుంది. జంట గొట్టంలో బయటి సొట్ట చాలాసార్లు లోపలికి చేరదు. రాళ్లలో నెమ్మదిగా నడిచే బండికి జంట గొట్టం, మెటల్ రోడ్డుపై గంటల తరబడి పరుగెత్తే బండికి ఒంటి గొట్టం మేలనడానికి ఆధారం ఇదే. ఖరీదును బట్టి మాత్రమే ఒంటి గొట్టాన్ని ఉత్తమమనడం సరికాదు.

గ్యాస్ ఒత్తిడి బండి ఎత్తును కొద్దిగా మార్చుతుందన్నది నిజమే. 14 మిల్లీమీటర్ల వ్యాసం గల పిస్టన్ కడ్డీపై 25 బార్ ఒత్తిడి పడితే దాన్ని బయటికి తోసే బలం 385 న్యూటన్లు. పై ఉదాహరణలోని స్ప్రింగు మీద అది ఆ మూలను సుమారు 15 మిల్లీమీటర్లు లేపుతుంది. తక్కువ ఒత్తిడి గ్యాస్ రకంలో ఇది లెక్కలోకి రాదు. ఒంటి గొట్టపు షాకబ్జర్ వేయగానే కుంగిన బండి లేచిందని సంతోషించడం తొందరపాటు, పట్టీల అలసట అలాగే ఉంటుంది.

ఎంపికలో అన్నిటికంటే ఓపిక కోరేది పొడవు. రెండు కొలతలు కావాలి, పూర్తిగా ముడుచుకున్నప్పుడు ఎంత, పూర్తిగా సాగినప్పుడు ఎంత. ముందుగా బండిని సమతలం మీద మామూలు సామానుతో నిలిపి, పై బోల్టు మధ్య నుంచి కింది బోల్టు మధ్యకు దూరం కొలవాలి. తరువాత యాక్సిల్‌కూ రబ్బరు స్టాపరుకూ మధ్య ఖాళీ కొలవాలి. స్టాపరు కూడా సగం వరకు నలుగుతుంది గనుక ఆ మేరకు కలుపుకోవాలి. మొదటి దూరం నుంచి ఈ మొత్తం తీసేస్తే మిగిలే దానికంటే షాకబ్జర్ ముడుచుకున్న పొడవు కనీసం 10, 15 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. లేకపోతే స్టాపరు కంటే ముందు షాకబ్జర్ అడుగంటుతుంది. పిస్టన్ అడుగు వాల్వును పగలగొట్టవచ్చు, లేదా పై బ్రాకెట్టు ఛాసిస్ నుంచి ఊడిరావచ్చు. ఆ తరువాత ఛాసిస్‌ను జాకీలపై లేపి, షాకబ్జర్ తీసేసి, చక్రాన్ని వేలాడనిచ్చి రెండో దూరం కొలవాలి. సాగిన పొడవు అంతకంటే కొంచెం ఎక్కువే ఉండాలి. యాక్సిల్ బరువంతా షాకబ్జర్ కడ్డీకి వేలాడితే లోపలి సీలు ఎన్నాళ్లో నిలవదు. ఒక చక్రం రాయి మీద, రెండోది గుంటలో ఉన్నట్టు యాక్సిల్‌ను వంచి కొలిస్తే ఇంకా నికరమైన అంకెలు వస్తాయి, ఎందుకంటే కమాన్ కట్ట మెలిపడినప్పుడు షాకబ్జర్ కోణమూ మారుతుంది. మామూలు ఎత్తులో కడ్డీ దాదాపు సగం బయట ఉండటం మంచి గుర్తు. రెండు అంగుళాలు ఎత్తు పెంచిన బండికి పాత పొడవు షాకబ్జర్లే ఉంచితే కిందికి సాగే దూరం ఆ మేర పోతుంది. మరీ పొడవైనవి తెచ్చి వేస్తే ముడుచుకునే చోటు చాలదు.

వంపు సంగతి చాలామంది పట్టించుకోరు. నిలువుగా ఉన్నప్పుడు షాకబ్జర్ ఇచ్చే నిరోధం చక్రం దగ్గర పూర్తిగా అందుతుంది. వాలితే ఆ కోణపు కొసైను వర్గం మేరకే అందుతుంది. 20 డిగ్రీల వాలులో 88 శాతం, 30 డిగ్రీల్లో 75, 45 డిగ్రీల్లో సగమే. ఎత్తు పెంచేటప్పుడు ఎవరో స్థలం కోసం బ్రాకెట్టును పక్కకు జరిపి వెల్డింగు చేసి ఉంటే, కొత్త షాకబ్జర్‌ను తప్పుపట్టే ముందు ఆ బ్రాకెట్టును చూడాలి. బండి ఒరిగినప్పుడు, లేక ఒక్క చక్రమే లేచినప్పుడు ఇంకో తరుగు వస్తుంది. బండి మధ్యరేఖ నుంచి చక్రం ఉన్న దూరంలో 80 శాతం దగ్గర షాకబ్జర్ ఉంటే, దాని ప్రభావం 64 శాతమే. గట్టి యాక్సిల్ బండ్లలో ఇది తప్పించుకోలేని పరిమితి.

పాతవి నిజంగా పోయాయా అని తేల్చుకోవడానికి బానెట్టు మూలను నొక్కి వదిలి చూడటం అందరికీ తెలిసిన పరీక్ష. జిప్సీ మీద అది నమ్మదగినది కాదు. పట్టీల ఒరిపిడే ఊపును ఆపేసి, చచ్చిన షాకబ్జర్‌ను బతికినట్టు చూపిస్తుంది. అంతకంటే మంచి పరీక్ష గతుకుల దారిలో పది, పదిహేను కిలోమీటర్లు నడిపి ఆపిన వెంటనే నాలుగు గొట్టాలనూ చేయి ఆనించీ ఆనించనట్టు తాకి చూడటం. మూడు వేడిగా ఉండి ఒకటి చల్లగా ఉంటే ఆ ఒక్కటి పని చేయడం లేదు. కడ్డీ చుట్టూ పలుచగా నూనె తడి అంటితే భయం లేదు, కారి గొట్టం పొడవునా మట్టి పట్టి ఉంటే సీలు పోయినట్టే. కడ్డీ మీది క్రోమియం పూతలో తుప్పు గుంటలు పడితే కొత్త సీలు వేసినా నిలవదు. టైరు అరుగుదల అక్కడక్కడా పళ్లెంలా లోతుగా ఉండటం కూడా చక్రం నేలను వదిలి ఎగురుతోందనడానికి సాక్ష్యం. టప్ టప్ మనే చప్పుడుకు మాత్రం షాకిల్ బుష్షులు, సెంటరు బోల్టు, వదులైన యూ బోల్టులే తరచు కారణం. ఇవన్నీ సరిచేశాక కూడా ఊపు తగ్గకపోతేనే షాకబ్జర్లకు వెళ్లాలి. మార్చితే ఒక యాక్సిల్‌కు రెండూ కలిపి మార్చాలి. కొత్తదీ పాతదీ ఒకే యాక్సిల్ మీద ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది.

ఎత్తు మారని, ఊరిలోనూ పొలం దారుల్లోనూ తిరిగే జిప్సీకి అసలు కొలతల్లో దొరికే జంట గొట్టాల నూనె షాకబ్జర్లే సరిపోతాయి. ఇలా మిగిలిన డబ్బును బుష్షులకూ పట్టీలకూ ఖర్చుపెడితే ఫలితం ఎక్కువ. సామానుతో దూర ప్రయాణాలు చేసే బండికి తక్కువ ఒత్తిడి గ్యాస్ రకం తగినది. బరువు ఒక్కో ప్రయాణానికీ మారిపోయే బండికి బయటి మరతో నిరోధం పెంచుకోగల షాకబ్జర్ ఉపయోగపడుతుంది, కాని ఆ మరను ఖాళీ బండిలోనూ చివరిదాకా తిప్పి వదిలేస్తే దాని ప్రయోజనం పోతుంది. ఎత్తు పెంచే కిట్టు కొనేవారు పట్టీలూ షాకబ్జర్లూ ఒకే తయారీదారు నుంచి తీసుకోవడం మంచిది. స్ప్రింగుకు తగిన వాల్వును వాళ్లు ముందే సరిచూసి ఉంటారు. ఎత్తుతోపాటు బ్రేకు గొట్టాల పొడవు, ప్రొపెల్లర్ షాఫ్టు కోణం కూడా మారతాయి. చట్టం సంగతీ ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. అరిగిన షాకబ్జర్ స్థానంలో తగినదాన్ని వేయడం మరమ్మతు, బండి ఎత్తును మార్చడం వేరు. రెండోది చేసేముందు రవాణా శాఖ కార్యాలయంలో విచారించాలి.

బిగించే పనిలో కొన్ని జాగ్రత్తలు కొత్త షాకబ్జర్ ఆయుష్షును నిర్ణయిస్తాయి. జంట గొట్టాల రకం దుకాణంలో పడుకోబెట్టి ఉంచినప్పుడు గాలి లోపలి గొట్టంలోకి చేరుతుంది. నిటారుగా నిలబెట్టి నాలుగైదు సార్లు పూర్తిగా లాగి నొక్కితే ఆ గాలి తన చోటికి పోతుంది. మధ్యలో ఎక్కడా ఖాళీగా జారకూడదు. కడ్డీ తిరగకుండా పట్టుకోవడానికి పానాతో నున్నని భాగాన్ని బిగిస్తే పడే గీత సీలును కోస్తుంది. రబ్బరు బుష్షుల నట్లను చక్రాలు గాల్లో ఉండగా చివరిదాకా బిగించకూడదు. బండిని నేల మీద దించి, తన బరువు మీద నిలిచాకే బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి త్వరగా చిరుగుతుంది. కడ్డీ కనిపించే రకమైతే దానికి ఒక సన్నని రబ్బరు వలయం తొడిగి గొట్టం అంచుకు ఆనించి, అలవాటైన గతుకుల దారిలో నడిపి రావాలి. వలయం కడ్డీ పైకి జరిగిన దూరమే షాకబ్జర్ ఎంతవరకు ముడుచుకుందో చెబుతుంది. పైన ఇంకా ఒకటి రెండు సెంటీమీటర్లు మిగిలి, రబ్బరు స్టాపరు మీద తాకిన మరక ఉంటే పొడవు సరిగ్గా కుదిరినట్టు. వలయం కొస వరకు చేరి స్టాపరు మీద మరకే లేకపోతే, తాకిడి అంతా షాకబ్జర్ తింటోందని అర్థం. అప్పుడు పొట్టిదాన్ని తేవాలి, లేదా స్టాపరును ఆ మేరకు కిందికి దించాలి.